స్ట్రోక్ తర్వాత ఆటలు: మా అమ్మమ్మ నా గేమ్‌ని ఎలా హ్యాక్ చేసింది

సెకండ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్‌కి మా క్లాస్‌లో అందరూ అటెండెన్స్ సిస్టమో చాట్‌బాటో చేస్తుంటే, నేను జామకాయల గేమ్ ఒకటి చేశాను. లాప్‌టాప్ ముందు కూర్చుంటే వెబ్‌క్యామ్ మన చేతిని చూస్తుంది. స్క్రీన్ మీద చెట్టుకి కాయలు వేలాడుతుంటాయి. కుడి చెయ్యి చాపి కాయ అందుకుంటే ఒక పాయింట్. అంతే గేమ్. ప్లేయర్ కూడా ఒక్కరే, మా అమ్మమ్మ. పోయిన సంవత్సరం ఆవిడకి స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి సరిగ్గా లేవడం మానేసింది.

మొదటి రోజే 40 పాయింట్లు కొట్టింది. నేను స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశా. రెండు రోజుల తర్వాత ఇంటికొచ్చిన ఫిజియో మేడం, అమ్మమ్మ ఆడుతుంటే ఒక నిమిషం చూశారు. ఆవిడ స్కోర్ వైపు చూడనేలేదు, అమ్మమ్మ నడుము వైపు చూశారు. "అమ్మమ్మ గారు చెయ్యి చాపట్లేదమ్మా, మనిషే ముందుకి వాలుతున్నారు" అన్నారు. నిజమే. మోచెయ్యి వంగింది వంగినట్టే ఉంది. నడుము వంచి, భుజం ఎగరేసి, వంగిన చేతినే తీసుకెళ్ళి కాయ మీద పెడుతోంది. అంటే నా గేమ్ 40 సార్లు తప్పు పనికి మార్కులేసింది.

ఈ వ్యాసం ఆ బగ్ గురించే. కానీ అది ఎందుకంత పెద్ద బగ్గో అర్థం కావాలంటే, స్ట్రోక్ తర్వాత అసలు ఆటలెందుకు ఆడిస్తారో ముందు చెప్పాలి. (నేను చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. కొన్ని మాటలకి మంచి తెలుగు దొరక్క అలాగే వదిలేశా, ఏమనుకోకండి.)

స్ట్రోక్‌ని మన ఇళ్ళలో పక్షవాతం అంటారు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడితే కానీ, నాళం చిట్లితే కానీ, ఆ రక్తం మీద బతికే భాగం చచ్చిపోతుంది. మెదడు ఎడమ సగంలో దెబ్బ తగిలితే కుడి వైపు చెయ్యీ కాలూ, కుడి సగంలో తగిలితే ఎడమ వైపువి పడిపోతాయి. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింట్లో ఏది ఉన్నట్టుండి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ అడ్డం పడిన కేసుల్లో దాన్ని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మేం ఏం చేశామంటే, నీరసం అనుకుని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టాం. హాస్పిటల్‌కి వెళ్ళేసరికి ఆరు గంటలు దాటింది. మింగడం దెబ్బతిని ఉంటే మజ్జిగ ఇవ్వడం కూడా ప్రమాదమేనట, తర్వాత తెలిసింది. ఆ రోజు ఇంట్లో ఉన్నది నేనే. అందుకే ఈ ఆర్టికల్‌లో గేమ్స్ సంగతి మర్చిపోయినా పర్లేదు, ఈ పేరా మాత్రం గుర్తుపెట్టుకోండి.

మొదట్లో నాకు అర్థం కాని విషయం ఏంటంటే, అమ్మమ్మ చేతికి ఏమీ కాలేదు. ఎముక బాగుంది, కండ బాగుంది, నరం బాగుంది. మన భాషలో చెప్పాలంటే ప్రింటర్ బాగానే ఉంది, డ్రైవర్ కరప్ట్ అయింది. కానీ పోలిక అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే మెదడుకి రీ-ఇన్‌స్టాల్ లేదు. పోయిన కణాలు పోయినట్టే. మిగిలిన చుట్టుపక్కల భాగాలు ఆ పనిని కొంత కొంతగా నేర్చుకోవాలి. అవి నేర్చుకునేది చెయ్యిని వాడితేనే.

దీని మీద రాండాల్ఫ్ నూడో అనే శాస్త్రవేత్త బృందం చేసిన ఒక ప్రయోగం ఉంది. 1996లో సైన్స్ పత్రికలో వచ్చింది. స్క్విరల్ మంకీలనే చిన్న కోతుల మెదడులో చేతిని నడిపే చోట చిన్న స్ట్రోక్ లాంటి దెబ్బ కలిగించారు. తర్వాత వాటి ముందు గుంటలున్న ఒక పలక పెట్టి, ఆ గుంటల్లో తిండి గింజలు వేశారు. దెబ్బతిన్న చేతి వేళ్ళతోనే గింజ తీసుకుని తినాలి. రోజూ ఇదే పని. కొన్ని వారాల తర్వాత చూస్తే, చేతిని నడిపే ప్రాంతంలో మిగిలింది నిలబడింది. కొన్ని కోతుల్లో అయితే అంతకుముందు మోచెయ్యికీ భుజానికీ పనిచేసిన చోటులోకి కూడా విస్తరించింది. ఇలా శిక్షణ ఇవ్వకుండా వదిలేసిన కోతుల్లో మాత్రం, దెబ్బ తగలని భాగంలో కూడా చేతికి ఉన్న చోటు తగ్గిపోయింది. వాడకపోతే ఉన్నది కూడా పోతుందన్నమాట. ఆ గుంటల పలకని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

మరి ఎన్ని సార్లు వాడాలి? ఇలాంటి జంతువుల ప్రయోగాల్లో రోజుకి వందల సార్లు చేయిస్తారు. మనుషుల్లో ఎన్ని సార్లు జరుగుతోందో కేథరీన్ లాంగ్ బృందం 2009లో లెక్కపెట్టింది. థెరపీ సెషన్లలో పక్కన కూర్చుని, చేతితో చేసే పనికొచ్చే కదలికల్ని ఒక్కొక్కటిగా లెక్కేశారు. సగటున సెషన్‌కి 32. అది అమెరికా, కెనడాల్లోని సెంటర్లలో సంగతి. మా ఇంట్లో ఫిజియో మేడం వారానికి రెండు సార్లు వస్తారు, మిగతా ఐదు రోజులు "రోజుకి మూడు పూటలా పది సార్లు చేయించండి" అని కాగితం మీద రాసిచ్చారు. అమ్మమ్మ నాలుగు సార్లు ఎత్తి, "పది అయ్యాయే" అంటుంది. తప్పు ఆవిడది కాదు. ఖాళీ గాల్లోకి చెయ్యి ఎత్తి దించడం ఎంత బోరో మీరే ఒకసారి చేసి చూడండి, అదీ చెయ్యి ఇసుక బస్తాలా బరువుగా ఉన్నప్పుడు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, పనులన్నీ దానితో అయిపోతుంటాయి. ఒకటి రెండు సార్లు కుడి చేత్తో గ్లాసు పట్టుకోబోయి పడేస్తే, మెదడు ఇక దాన్ని పిలవడమే మానేస్తుంది. ఎడ్వర్డ్ టాబ్ అనే ఆయన దీన్ని నేర్చుకున్న వాడకలేమి అన్నాడు (తెలుగు అనువాదం నాదే, నవ్వకండి). ఆయన పద్ధతిలో మందు ఏంటంటే, బాగున్న చేతికి గ్లౌవ్ తొడిగి కట్టేయడం! ఎక్సైట్ అనే ట్రయల్‌లో 222 మందితో దీన్ని పరీక్షించారు, ఫలితాలు 2006లో వచ్చాయి. థెరపీ తీసుకున్నవాళ్ళు రెండు వారాల పాటు, మెలకువగా ఉన్న టైమ్‌లో దాదాపు అంతా ఆ గ్లౌవ్‌తోనే గడిపి, రోజూ గంటల తరబడి బలహీనమైన చేత్తో పనులు చేశారు. మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళ కంటే బాగా మెరుగయ్యారు, ఆ తేడా ఏడాది తర్వాత కూడా ఉంది.

అంటే కావలసింది కొత్త మందు కాదు, కౌంట్. వందల కౌంట్, రోజూ. విసుగు పుట్టకుండా మనిషి చేత ఒకే పనిని వందల సార్లు చేయించగలిగేది ఏంటో మనకి చెప్పక్కర్లేదు. ఎగ్జామ్ ముందు రోజు రాత్రి రెండింటికి "ఇదే లాస్ట్ మ్యాచ్" అన్న ప్రతి ఒక్కరికీ తెలుసు.

2006 చివర్లో నింటెండో వీ మార్కెట్‌లోకి వచ్చింది. బటన్లు నొక్కడం కాదు, రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే స్క్రీన్ మీద టెన్నిస్ బ్యాట్ ఊగుతుంది. ఫిజియోలకి వెంటనే లైట్ వెలిగింది. చాలా దేశాల్లో రిహాబ్ సెంటర్లలో వీ పెట్టెలు కనిపించడం మొదలైంది. 2010లో మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ వచ్చాక రిమోట్ కూడా అక్కర్లేకుండా పోయింది. ఇన్‌ఫ్రారెడ్ కాంతితో లోతు కొలిచి, మనిషి కీళ్ళు ఎక్కడున్నాయో అదే కనిపెట్టేది.

మరి పనిచేసిందా? ఇక్కడే కథ ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది.

టొరంటోలో గుస్తావో సపోస్నిక్ అనే న్యూరాలజిస్ట్ నడిపిన ఎవరెస్ట్ అనే ట్రయల్ ఉంది. 2010లో 22 మందితో చిన్నగా చేసినప్పుడు వీ ఆడినవాళ్ళు బాగా చేశారు, అందరూ సంబరపడ్డారు. తర్వాత పెద్దగా చేశారు, 141 మందితో. అందరికీ స్ట్రోక్ వచ్చి మూడు నెలల లోపే. అందరికీ మామూలు థెరపీ ఉంది. దాని పైన రెండు వారాల్లో పది సెషన్లు, ఒక్కోటి గంట. సగం మందికి వీ ఇచ్చారు. మిగతా సగానికి ఏమిచ్చారంటే పేకముక్కలు, డామినోలు, జెంగా, బంతి. ఫలితం 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చింది. రెండు గ్రూపులూ మెరుగయ్యాయి. రెండింటి మధ్యా తేడా లేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు గాలి తీసేసినట్టయింది. ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో దీన్ని రాయకుండా దాచేద్దామా అని కూడా అనుకున్నా. మళ్ళీ చదివితే వేరేలా అర్థమైంది. ఓడింది ఆట కాదు, స్క్రీన్. పేకాట కూడా ఆటే! ముక్క తీయాలి, పట్టుకోవాలి, వేయాలి, మళ్ళీ తీయాలి. గంటసేపు. చెయ్యికి కావలసిన కౌంట్ రెండు చోట్లా దొరికింది.

2017లో కాక్రేన్ వాళ్ళు ఇలాంటి ట్రయల్స్ 72 కలిపి చూశారు, మొత్తం 2470 మంది. అందులో తేలింది కూడా దాదాపు ఇదే. చేతి విషయంలో, మామూలు థెరపీ తీసేసి అంతే టైమ్ గేమ్ ఆడిస్తే అదనంగా లాభం కనపడలేదు. మామూలు థెరపీ ఉంచి, దాని పైన గేమ్ కలిపితే, అంటే మొత్తం టైమ్ పెరిగితే, లాభం ఉండొచ్చు.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టమైనది. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జాన్ క్రాకౌర్ అనే న్యూరాలజిస్ట్, గేమ్ డెవలపర్లు కలిసి ఒక డాల్ఫిన్‌ని తయారుచేశారు. పేషెంట్ చెయ్యి బరువుని ఒక యంత్రం మోస్తుంది, చెయ్యి ఎటు కదిలితే డాల్ఫిన్ అటు ఈదుతుంది. "చెయ్యి ఇలా ఎత్తు, అలా దించు" అని ఎవరూ చెప్పరు. డాల్ఫిన్‌తో చేపలు పట్టాలి, షార్కులతో కొట్లాడాలి, అంతే. ట్రయల్‌లో మూడు వారాల పాటు రోజుకి రెండు గంటలు అదనంగా ఆడించారు. పోటీగా ఇంకో గ్రూపుకి అంతే టైమ్ మామూలు థెరపీ. 24 మందే, చిన్న ట్రయల్, ఫలితం 2021లో వచ్చింది. డాల్ఫిన్ గెలవలేదు, ఓడిపోలేదు, ఇద్దరూ సమానం. కానీ అంతకుముందు మామూలు మోతాదు థెరపీ మాత్రమే తీసుకున్న పేషెంట్లతో పోల్చి చూస్తే, చేతి పనిలో రెండు గ్రూపులూ ముందున్నాయి. మళ్ళీ మోతాదే.

సరే, ఇప్పుడు నా బగ్‌కి వద్దాం.

గేమ్ వల్ల లాభమంతా కౌంట్‌లో ఉంటే, కౌంట్ తప్పయితే ఏం మిగిలింది? మార్కెట్‌లో దొరికే గేమ్స్‌తో ఉన్న సమస్య ఇదే. వీ టెన్నిస్‌ని సోఫాలో చేరగిలబడి, మణికట్టు ఒక్కటి విదిలించి గెలవచ్చు. ఆ గేమ్‌కి భుజం లేచిందా లేదా అన్నది అనవసరం. దానికి కావలసింది రిమోట్ కదలడం. స్ట్రోక్ వచ్చినవాళ్ళు సహజంగానే సులువైన దారి వెతుక్కుంటారు, మోచెయ్యి చాపే బదులు నడుము వంచుతారు. ఫిజియోలు దీన్ని కాంపెన్సేషన్ అంటారు. అన్నం ప్లేటు అందుకోవడానికి అది పనికొస్తుంది. కానీ అదే అలవాటైతే మోచెయ్యి చాపడం ఇక రాదు, భుజం నొప్పి కూడా పట్టుకోవచ్చు. మెషిన్ లెర్నింగ్ క్లాస్‌లో రివార్డ్ హ్యాకింగ్ అని చెప్పారు కదా, పాయింట్లు దేనికిస్తే ఏజెంట్ దాన్నే సాధిస్తుంది, మనం మనసులో అనుకున్నదాన్ని కాదు. మా అమ్మమ్మ ఏ పేపరూ చదవకుండానే మొదటి రోజే అది చేసి చూపించింది.

ఫిక్స్ ఎలా చేశానో కొంచెం చెప్తా, కోడ్ అంటే ఇష్టం లేనివాళ్ళు ఈ పేరా దాటేయండి. నేను వాడింది గూగుల్ వాళ్ళ మీడియాపైప్. మామూలు వెబ్‌క్యామ్ వీడియోలోంచి శరీరం మీద 33 పాయింట్లు పట్టి ఇస్తుంది. భుజం, మోచెయ్యి, మణికట్టు, ఈ మూడు పాయింట్లు ఉంటే మోచెయ్యి దగ్గర కోణం లెక్కకట్టొచ్చు, ఇంటర్ లెక్కలే. కాయ తాకడం ఒక్కటే కాకుండా, ఆ కోణం తెరుచుకుంటేనే పాయింట్ అని మార్చా. నడుము వంగుతోందా అన్నది చూడటానికి తుంటి పాయింట్లు తీసుకుందామనుకుంటే, టేబుల్ అడ్డం, చీర కుచ్చిళ్ళు అడ్డం. కనపడని పాయింట్‌ని మోడల్ ఊహించి ఎక్కడో పెడుతోంది. రెండు రోజులు కొట్టుకున్నాక తట్టింది: మనిషి కెమెరా వైపు వాలితే రెండు భుజాల మధ్య దూరం స్క్రీన్ మీద పెద్దదవుతుంది. మొదట నిటారుగా కూర్చున్నప్పుడు ఆ దూరం కొలిచి పెట్టుకుని, అది కొంత మించి పెరిగితే కాయ మీద కాకి వచ్చి వాలుతుంది. వెనక్కి జరిగి కూర్చుంటే కాకి ఎగిరిపోతుంది. మెడికల్‌గా ఇదేం గొప్ప కొలత కాదు, ఒంటిని పక్కకి తిప్పినా మోసపోతుంది. కానీ అమ్మమ్మకి కాకి అర్థమైంది. ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని వచ్చినప్పుడు మాత్రం లాప్‌టాప్ మూసేయమంది.

కష్టం ఎంత ఉండాలన్నది కూడా కోడ్ కంటే మనిషికి సంబంధించిన విషయం. అన్నీ అందితే విసుగు, ఏదీ అందకపోతే ఏడుపు. పది కాయల్లో ఏడెనిమిది అందేలా నేను చెట్టుని జరుపుతుంటా. ఎనిమిది దాటితే కాయలు కొంచెం దూరం, ఆరుకి పడిపోతే దగ్గర. ఆవిడకి తెలియకుండానే. కొంతమందికి స్ట్రోక్ తర్వాత ఒక పక్క ఉన్న వస్తువులు మెదడుకే తట్టవు, కళ్ళు బాగున్నా సరే. అలాంటివాళ్ళకి ఆ పక్క కాయలు పెడితే అసలు చూడనే చూడరు. కొంతమందికి మాట పోతుంది, రాసిన సూచనలు అర్థం కావు. కాబట్టి ఒకరికి చేసిన గేమ్ ఇంకొకరికి అలాగే పనికిరాదు. భుజం నొప్పి అంటే ఆపేయాలి. ఏ కదలిక చేయించాలన్నది ఫిజియో చెప్పాలి, మనం కాదు. చిన్నవాళ్ళం ఉత్సాహంలో బలహీనమైన చేతిని పట్టి లాగుతాం, ఆ కీలు అప్పటికే వదులుగా ఉండొచ్చు.

అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో లిన్ గోతియే అనే ఆవిడ బృందం కైనెక్ట్‌తో ఒక పడవ గేమ్ చేసింది. చెయ్యి కదిపి తెడ్డు వేస్తూ నదిలో వెళ్ళాలి. అది మొదటి నుంచీ థెరపీ కోసమే, టాబ్ పద్ధతిని ఇంట్లో చేయించడం కోసమే పుట్టింది. అలాంటివి చూస్తే నాది ఎంత చిన్నదో తెలుస్తుంది.

నా గేమ్‌కి కోడ్‌తో సరిచేయలేని లోటు ఇంకొకటి ఉంది. అందులో చేతికి ఏదీ తగలదు. కాయకి బరువు లేదు, గరుకు లేదు, వేళ్ళు మూయాల్సిన పని లేదు. భుజం, మోచెయ్యి కొంచెం నయమయ్యాక ఫిజియో మేడం వేళ్ళ మీదకి వచ్చారు. "చిన్న చిన్నవి ఏరించండి, శనగలో, గోలీలో" అన్నారు. అమ్మమ్మ మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగించి, అందులోంచి వామనగుంటల పీట తీయించింది. అటు ఏడు, ఇటు ఏడు, పద్నాలుగు గుంటలు. ఒక డబ్బా నిండా చింతపిక్కలు. నాకు ఆ కోతుల బొమ్మ గుర్తొచ్చింది. అదే పలక, అవే గుంటలు, వేళ్ళతో తీయాల్సిన అవే గింజలు!

మా ఇంట్లో గుంటకి ఐదు పిక్కలు. ఒక గుంట ఖాళీ చేసి, ఒక్కొక్కటిగా తర్వాతి గుంటల్లో వదులుతూ పోవాలి. గుప్పెట్లో పట్టుకోవాలి, అందులోంచి ఒక్కటే జారవిడవాలి, మిగతావి పడిపోకూడదు. ఇది స్ట్రోక్ వచ్చిన చేతికి ఎంత కష్టమో మొదటి రోజు పిక్కలు నేల మీద దొర్లుతుంటే తెలిసింది. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టా. ఒక్క ఆటలో ఆవిడ చేతి నుంచి నూటికి పైగా పిక్కలు పడ్డాయి. "పది అయ్యాయే" అని ఒక్కసారి కూడా అనలేదు. పైగా నేను తప్పు గుంటలో వేస్తే పట్టేసుకుంది.

హ్యాకింగ్ మాత్రం ఇక్కడా ఆగలేదు. నేను ఫోన్ చూస్తున్నప్పుడు ఎడమ చేత్తో ఆడేస్తోంది. ఇప్పుడు పీట పైన ఫోన్ కెమెరా బిగించి, ఏ చెయ్యి ఎన్ని పిక్కలు వదిలిందో లెక్కపెట్టే వెర్షన్ మొదలుపెట్టా. మీడియాపైప్ ఒక్కో చేతికి 21 పాయింట్లు ఇస్తుంది, కుడి ఎడమ కూడా చెప్తుంది. పిక్క పడిందా లేదా అన్నది పట్టుకోవడమే ఇంకా రాలేదు. ఎవరికైనా ఓపెన్‌సీవీ బాగా వస్తే చెప్పండి.

ఈలోపు, "ఎడం చెయ్యి వెనక్కి పెట్టుకో అమ్మమ్మా" అన్నా. "అయితే నువ్వూ ఎడం చేత్తోనే ఆడు, అప్పుడు సమానం" అంది. సరేనన్నా. ఐదు పిక్కలు గుప్పెట్లో పట్టుకుని ఒక్కటి వదలబోతే మూడు పడ్డాయి. నిన్న రెండాటలూ నేనే ఓడిపోయా.